అజ్మత్ చూడని క్యూబా

అజ్మత్‌ది ప్రొద్దుటూరు. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లిం కుటుంబం. అన్నదమ్ముల్లో లెక్కలు బాగా వచ్చినవాడు వీడొక్కడే అని తండ్రి బట్టల కొట్లో కూర్చోబెట్టకుండా చదివించాడు. హైదరాబాదులో కోబాల్ అనే కంప్యూటరు భాష నేర్చుకుని, మూడేళ్లు ఒక కంపెనీలో పనిచేసి, 1998 ఆగస్టులో భార్య షమ్సున్నీసాతో, మూడేళ్ల కూతురు అలీజాతో సిడ్నీలో దిగాడు. క్వేకర్స్ హిల్‌లో స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో ఇల్లు దొరికింది.

కోబాల్ వచ్చినవాణ్ని నెత్తిన పెట్టుకున్న కాలం అది. పాత కంప్యూటర్లు ఏడాదిని రెండంకెల్లోనే రాసుకునేవి. తొంభై తొమ్మిది దాటి రెండు సున్నాలు రాగానే అన్నీ తలకిందులవుతాయని బ్యాంకులు హడలిపోయాయి. అజ్మత్ పని ఒక బ్యాంకు పాత ప్రోగ్రాముల్లో తేదీలున్న ప్రతి వరసనూ వెతికి దిద్దడం. ఎంత బాగా చేస్తే అంత త్వరగా తమ అవసరం తీరిపోయే పని అది. ఆ సంగతి అతనికి అప్పుడు తట్టలేదు. రెండువేల సంవత్సరం వచ్చింది, ఒక్క కంప్యూటరూ ఆగలేదు. ఫిబ్రవరి చివర్లో నలభై మందిని ఒకే గదిలో కూర్చోబెట్టి, కేకు కోసి, థాంక్యూ చెప్పి ఇంటికి పంపించారు.

పేపరు నిండా కంప్యూటరు ఉద్యోగాలే ఉండేవి. అన్నీ జావా వచ్చినవాళ్లకి, వెబ్ తెలిసినవాళ్లకి. అజ్మత్ లైబ్రరీలో పుస్తకాలు తెచ్చుకుని చదివాడు. ఇంటర్వ్యూకి పోతే, ఈ పని ఇదివరకు ఎక్కడ చేశావని అడిగేవాళ్లు. చేయలేదంటే నవ్వి చేయి కలిపేవాళ్లు. ఊరంతా పెళ్లి జరుగుతుంటే తన ఇంటి ముందర మాత్రం పందిరి లేనట్టుండేది. షమ్సున్నీసా ఒక వృద్ధాశ్రమంలో దుప్పట్లుతికే పనికి కుదిరింది. పొద్దున్నే ఆమె బయల్దేరుతుంటే అలీజాకు జడ వేస్తూ అజ్మత్ తలెత్తేవాడు కాదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం పీటర్‌షామ్‌లో ఇంటర్వ్యూ ముగించుకుని స్టేషనుకు నడుస్తుంటే, ఒక చిన్న హోటలు అద్దానికి కాగితం కనిపించింది. గిన్నెలు కడగడానికి మనిషి కావాలట. అజ్మత్ టై విప్పి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లాడు.

అది క్యూబా వంటల హోటలు. యజమాని ఒస్వాల్డోకి డెబ్బై ఏళ్లుంటాయి. 1957లో హవానాలో సరుకుల ఓడలో వంటవాడుగా ఎక్కి, తిరిగి తిరిగి సిడ్నీలో దిగి, ఇక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకుని ఉండిపోయాడు. భార్య పోయింది. కూతురు పెర్త్‌లో ఉంది. ఓడ ఎక్కిన రోజు నుంచి ఆయన మళ్లీ సొంత దేశం మొహం చూడలేదు.

“కంప్యూటరు మనిషివి. ఇక్కడ నిలబడగలవా?” అన్నాడు ముసలాయన ఇంగ్లీషులో.

“నిలబడతా అంకుల్,” అన్నాడు అజ్మత్. ఆ దేశంలో యజమానిని పేరు పెట్టి పిలవాలని తెలుసు గానీ, అంత వయసు మనిషిని పేరుతో పిలవడానికి నోరు రాలేదు.

ఆ ఏడాది సిడ్నీలో క్యూబా అంటే పిచ్చి. ఆ పాటలు, ఆ చుట్టలు, ఆ పాత కార్ల ఫోటోలు. హోటలు కిటకిటలాడేది. వచ్చినవాళ్లలో సగం మంది కారం సాస్ తెమ్మనేవాళ్లు. “అది మెక్సికో. పసిఫిక్ దాటాక ఎడమ చేతికి తిరగమను,” అని వంటింట్లోంచి కేకేసేవాడు ఒస్వాల్డో. ఆ వంటలో మిరపకాయన్నది లేదు. ఉల్లి, తెల్లగడ్డ, క్యాప్సికం నూనెలో మగ్గుతుంటే జీలకర్ర పడేది. ఆ వాసన తగిలిన మొదటి రోజు అజ్మత్ చేతిలో గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. కర్రపెండలం ఉడికించి పైన తెల్లగడ్డ, పుల్లనారింజ రసం పోసేవాళ్లు. కూర అరటికాయను చక్రాలుగా కోసి, ఒకసారి వేయించి, గుద్ది చదును చేసి, మళ్లీ వేయించేవాళ్లు. పీచుపీచుగా విడదీసిన గొడ్డుమాంసం కూరకు వాళ్ల భాషలో పేరు ‘పాత బట్టలు’. ఆ పేరు చెప్పినప్పుడు షమ్సున్నీసా చాన్నాళ్ల తర్వాత నవ్వింది.

పందిమాంసం సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. క్యూబా వంటలో పంది లేని కుండ అరుదు. నల్ల చిక్కుడుగింజల్లో ఎముక పడుతుంది, అన్నంలో కొవ్వు పడుతుంది. గిన్నెలు కడిగినన్నాళ్లూ చేతులకు గ్లౌజులున్నాయి కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. సెప్టెంబరులో ఒలింపిక్స్ వచ్చి, ఒస్వాల్డో కింద పనిచేసే వంటవాడు క్రీడాకారుల క్యాంటీనులో పనికి వెళ్లిపోతే, గరిటె అజ్మత్ చేతికొచ్చింది.

“వండుతా. నోట్లో మాత్రం పెట్టుకోను అంకుల్,” అన్నాడు.

ఒస్వాల్డో కాసేపు ఆలోచించాడు. “సరే. నువ్వు వండు, నేను రుచి చూస్తా. ఇద్దరు మనుషులు, ఒక వంటవాడు.” మరునాటి నుంచి గొడ్డుమాంసం మాత్రం ఆబర్న్‌లో హలాల్ కొట్టు నుంచి తెప్పించాడు. “ఒక్క కూరైనా నువ్వు తినాలి కదా,” అన్నాడు. ఆ దేశానికి వచ్చాక ఒక పరాయివాడు తన కోసం అంత దూరం ఆలోచించడం అజ్మత్‌కు అదే మొదలు.

పక్కవీధిలో ఒక చిన్న ట్రావెల్ ఏజెంటు క్యూబా యాత్రలు నడిపేవాడు. బయల్దేరబోయే గుంపును ఒక ఆదివారం మధ్యాహ్నం ఈ హోటలుకు తీసుకొచ్చి భోజనం పెట్టించేవాడు. తింటుండగా ఒస్వాల్డో కుర్చీలో కూర్చుని, అక్కడ ఏం దొరుకుతుందో చెప్పేవాడు. వీధి మూలలో వేడివేడి పంది రొట్టె, రేవు పక్క హోటల్లో పెద్ద రొయ్యలు, పెళ్లిళ్లలో గొయ్యి తవ్వి రాత్రంతా కాల్చే పంది, పాలలో మునిగిన అన్నపు పాయసం. చెబుతుంటే ఆయన కళ్లు మెరిసేవి. వినేవాళ్లు చెంచాలు ఆపేవాళ్లు. అదంతా నలభై ఏళ్ల కిందటి హవానా అని అజ్మత్‌కు తట్టలేదు. తట్టినా అనగలిగేవాడు కాదు.

2001 ఫిబ్రవరిలో ఒస్వాల్డోకి గొంతులో క్యాన్సరని తేలింది. రేడియేషన్ చికిత్స అయింది. మెడ నల్లబడి, మనిషి సగమై, మేలో మళ్లీ వంటింట్లోకి వచ్చాడు. ఎప్పటిలాగే చెంచా ముంచి నోట్లో పెట్టుకుని, బాగుందని తలూపేవాడు. పళ్లేలు మాత్రం వెనక్కి రావడం మొదలైంది. ఒకరోజు ఉప్పెక్కువ. ఇంకోరోజు ఉప్పే లేదు. ముసలాయన చిక్కుడుగింజల్లో ఉప్పు వేసి, రుచి చూసి, మళ్లీ వేసి, మళ్లీ చూసి మూడోసారి చెయ్యి పెట్టబోతుంటే అజ్మత్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“అంకుల్, రుచి తెలుస్తోందా?”

ఒస్వాల్డో చెయ్యి విడిపించుకోలేదు. “ఏప్రిల్‌లోనే పోయింది,” అన్నాడు. “ఏది తిన్నా కాగితం నమిలినట్టుంది. డాక్టరు రావచ్చంటాడు, రాకపోవచ్చంటాడు.”

బయట ఇరవై రెండు మంది కూర్చుని ఉన్నారు. ఆ రోజు యాత్రకెళ్లేవాళ్ల భోజనం. పొయ్యి మీద పెద్ద కుండ నిండా పంది ఎముకతో ఉడికిన నల్లగింజలు. అందులో ఉప్పెంతుందో చెప్పగలిగినవాడు ఆ వంటింట్లో లేడు. ఒకడికి నాలుక లేదు. ఇంకొకడికి నాలుక ఉండీ ముట్టకూడదు. వడ్డించేవాళ్లను పిలిస్తే ముసలాయనకు రుచి పోయిందని అందరికీ తెలిసిపోతుంది.

అజ్మత్ చెంచా తీసుకున్నాడు. నాలుక మీద పెట్టుకున్నాడు. వెంటనే సింకులో ఉమ్మేసి, కొళాయి కింద నోరు పెట్టి పుక్కిలించి, ఇంకా ఇంకా పుక్కిలించాడు. “ఉప్పు చాలా ఎక్కువైంది,” అన్నాడు. ఉప్పు లేకుండా విడిగా ఉడికించి పెట్టిన గింజలు, నీళ్లు కలిపి మళ్లీ మరిగించారు. మళ్లీ రుచి చూడాల్సి వచ్చింది. మళ్లీ చూశాడు.

భోజనం బ్రహ్మాండంగా ఉందన్నారు అందరూ. మార్గరెట్ అనే రిటైరైన టీచరు వంటింటి గుమ్మం దాకా వచ్చి, అక్కడ కూడా ఇట్లాగే ఉంటుందా అని అడిగింది. “ఇంతకన్నా బాగుంటుంది,” అన్నాడు ఒస్వాల్డో. తను పుట్టిన వీధి పేరు ఒక చీటీ మీద రాసిచ్చాడు.

ఆ తర్వాత అది రోజూ జరిగింది. నాలుక మీద పెట్టడం, ఉమ్మడం, కడగడం. మింగలేదు కదా అని తనతో తను వాదించుకున్నాడు కొన్నాళ్లు. ఆ వాదన ట్రైనులో నిలబడేది గానీ ఇంటి గుమ్మంలో నిలబడేది కాదు. నమాజుకు నిలబడితే పెదాలు కదిలేవి కావు. మెల్లగా నిలబడటమే మానేశాడు. ఇంట్లో అలీజా ముద్దు పెట్టబోతే మొహం పక్కకు తిప్పుకునేవాడు.

“అబ్బా, వై ఆర్ యు ఆల్వేస్ బ్రషింగ్ యువర్ టీత్?” అని ఒకరోజు తండ్రిని అడిగిందా పిల్ల.

షమ్సున్నీసా అడగలేదు. మూడు శుక్రవారాలు చూసింది. నాలుగో శుక్రవారం ఇద్దరికీ సెలవు. టీ గ్లాసు అతని ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

“ఏం జరిగిందో చెప్పండి. ఉద్యోగం పోయినప్పుడు కూడా నమాజు వదల్లేదు మీరు.”

చెప్పాడు. కుండ గురించి, ముసలాయన నాలుక గురించి, సింకు గురించి అంతా చెప్పాడు. ఆమె అరవలేదు. ఏడవలేదు. తన చేతుల వంక చూసుకుంది. దుప్పట్లుతికే మందుకు ఆ చేతులు పగిలి ఉన్నాయి.

“మానేస్తారా?” అంది.

“మానేస్తే యాడికి పోదాం? ఆ ముసిలోన్ని ఎట్ల ఇడ్సిపెట్టేది? నేనొక కూరన్నా తినాల అని ఆబర్న్ దాకా మనిషిని పంపిచ్చినాడు ఆయప్ప.”

“అయితే నాకెందుకు చెప్పినారు?” అంది షమ్సున్నీసా. “అడిగినాను, నాదే తప్పు. తెలియకుండా ఉండింటే నేనన్నా ఇంట్లో నెమ్మదిగా ఉండేదాన్ని.” లేచి, తాగని టీ గ్లాసులు రెండూ తీసుకెళ్లి కడిగింది. ఆ మాట అజ్మత్‌కు తిట్టుకంటే గట్టిగా తగిలింది. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. కానీ వండుతున్నప్పుడు, ఉప్పు చాలిందా చూడమని చెంచా అతని నోటికి అందించడం మానేసింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు అది.

ఆగస్టు చివర్లో మార్గరెట్ తిరిగొచ్చింది. ఫోటోలు పట్టుకుని, కుశలం అడగడానికి హోటలుకు వచ్చింది. ఒస్వాల్డో ఆమెను కూర్చోబెట్టి, కాఫీ తనే కాచి తెచ్చాడు.

“తిండి ఎట్లా ఉంది?” అన్నాడు ఆత్రంగా.

ఆమె ఇబ్బందిగా కదిలింది. “మనుషులు బంగారం. కాఫీ అచ్చం ఇట్లాగే ఉంది. తిండి…” అని ఆగింది. “ప్రభుత్వ హోటళ్లలో మెనూ నాలుగు పేజీలుండేది. ఏది అడిగినా లేదనేవాళ్లు. అడిగి అడిగి, ఏముందో చెప్పమంటే కోడి అనేవాళ్లు. లేకపోతే పంది. పొద్దున హ్యాము రొట్టె, మధ్యాహ్నం హ్యాము రొట్టె. మీ వీధికి వెళ్లాం. అక్కడొకావిడ ఇంట్లోనే భోజనం పెడుతుంది. పన్నెండు కుర్చీలకు మించి వేయకూడదట. అన్నం, గింజలు, కోడి ముక్క, దోసకాయ చక్రాలు. వండింది బాగుంది. కానీ ఆవిడ, ఇంతే పెట్టగలిగానని మూడుసార్లు క్షమించమంది.”

“పాత బట్టలు?” అన్నాడు ఒస్వాల్డో.

“అడిగాం. ఆవిడ నవ్వింది. గొడ్డుమాంసం అమ్మడానికి వాళ్లకు అనుమతి లేదట. ఆవిడ కొడుక్కి పదకొండేళ్లు. ఆ కూర ఎట్లా ఉంటుందో తనకు తెలియదన్నాడు.”

ఒస్వాల్డో ఫోటోలు ఒక్కొక్కటే చూసి, సర్ది, తిరిగి ఇచ్చేశాడు. ఆమె వెళ్లాక వంటింట్లోకి వచ్చి కూరగాయల బస్తా మీద కూర్చున్నాడు. “నలభై నాలుగేళ్లు ఈ వంట కాపాడాననుకున్నాను అస్మాత్,” అన్నాడు. జ అనే అక్షరం ఆయన నోటికి ఎప్పుడూ తిరగలేదు. “అక్కడ అది లేదు. నా నాలుక మీదా లేదు. నువ్వు తినవు. ఇంక ఇది ఎక్కడుందో చెప్పు.”

అజ్మత్ కత్తి అందుకున్నాడు. పక్కన చేరి తెల్లగడ్డ ఒలిచాడు.

మరుసటి ఆదివారం మరో గుంపు వచ్చింది. ఒస్వాల్డో గొంతు అప్పటికి గుసగుసే. “నువ్వే చెప్పు. ఉన్నది చెప్పు,” అని అజ్మత్‌ను ముందుకు తోశాడు. అజ్మత్ ఏప్రాన్‌తోనే నిలబడి, మార్గరెట్ నోట, ఆ వారంలో వచ్చిన ఆమె తోటి యాత్రికుల నోట విన్నదంతా చెప్పాడు.

“మెనూ చదవద్దు. ఏముందో అడగండి, అదే తినండి. హోటలు కంటే మీరు దిగిన ఇంట్లో భోజనం నయం. పొద్దునే చెబితే వాళ్లు బజారంతా తిరిగి ఏదో ఒకటి తెస్తారు. మాంసం తిననివాళ్లకు అన్నం, గుడ్డు, క్యాబేజీ. గింజల్లో మాంసం లేదంటారు, అబద్ధం కాదు, కొవ్వును వాళ్లు మాంసం కింద లెక్కపెట్టరు. కారం కావాలంటే మీతో తీసుకెళ్లండి. పళ్లెంలో ఏదీ వదిలేయకండి. ఆ ముక్క కోసం వాళ్లు ఎంతసేపు క్యూలో నిలబడ్డారో మీకు తెలియదు.”

ఎవరూ చెంచా కదపలేదు. ఒకావిడ, మరి అంత దూరం ఎందుకు వెళ్లడం అంది పక్కనున్న భర్తతో. ఆ వారంలో ఐదుగురు యాత్ర మానుకున్నారు. ఏజెంటు ఫోను చేసి, ఆదివారం భోజనాలు ఇంక చాలని చెప్పాడు. పది రోజులకు అమెరికాలో విమానాలు గుద్ది జంట భవనాలు కూలాయి. విమానమెక్కడానికే జనం జంకారు. హోటల్లో బల్లలు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. అజ్మత్ గడ్డం వంక, పేరు వంక కొత్తగా చూసేవాళ్లు ఒకరిద్దరు తయారయ్యారు. తమ పళ్లెంలో ఉప్పు సరిచూడటానికి పందిని నాలుక మీద పెట్టుకుంటున్నాడన్నది వాళ్లకేం తెలుసు?

ఒస్వాల్డోకి క్యాన్సరు తిరగబెట్టింది. 2002 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో, ముక్కులోంచి గొట్టంతో పాలు పోస్తుండగా పోయాడు. చివరి వారం అజ్మత్ రోజూ మధ్యాహ్నం వెళ్లి పక్కన కూర్చునేవాడు. ముసలాయనకు మాట లేదు. ఒకరోజు కాగితం తెమ్మని సైగ చేసి, ఒక కూర ఎట్లా చేయాలో రాయబోయాడు. ఉల్లిపాయలు రెండు అని రాశాక పెన్ను జారిపోయింది. పెర్త్ నుంచి కూతురు వచ్చి, నెల తిరక్కుండా హోటలు ఖాళీ చేయించింది. ఆ చోట సెల్‌ఫోన్ల కొట్టు వెలిసింది.

కంప్యూటరు ఉద్యోగం మళ్లీ రాలేదు. వెబ్ కంపెనీల బుడగ కూడా అప్పటికి పగిలి, జావా వచ్చినవాళ్లు సైతం వీధిన పడ్డారు. బ్లాక్‌టౌన్ దగ్గర ఒక గిడ్డంగిలో పెట్టెలు సర్దే పని దొరికింది. నమాజుకు మళ్లీ నిలబడుతున్నాడు. పెదాలు కదులుతాయి, అంతే. ఇంట్లో గరిటె పట్టుకోడు. షమ్సున్నీసా పళ్లెంలో ఏది పెడితే అది తిని లేస్తాడు. ఎట్లా ఉందని ఆమె అడగదు, బాగుందని అతను అనడు.

ఆ చలికాలంలో ఒక ఆదివారం, తెలుగువాళ్లంతా పార్కులో బార్బెక్యూ పెట్టుకున్నారు. పాత బ్యాంకులో పైఅధికారి, గుంటూరు జనార్దనరావు గారు, ఉద్యోగం నిలిచినవాళ్లలో ఒకరు. ఆయనా భార్య లీలా డిసెంబరులో క్యూబా వెళ్తున్నారట. ఇద్దరూ మాంసం ముట్టరు.

“అజ్మత్ గారూ, మీరు క్యూబా రెస్టారెంట్‌లో చేశారంట కదా? మాకక్కడ ఫుడ్ ప్రాబ్లం అవుద్దంటారా?” అన్నాడు జనార్దనరావు.

అజ్మత్ చెప్పాడు. అన్నం, గుడ్డు, క్యాబేజీ, దోసకాయ. అరటికాయ వేపుడు దొరికితే వదలొద్దని, ఏ నూనెలో వేయించారో మాత్రం అడగొద్దని. పచ్చడి, కందిపొడి పట్టుకెళ్లమని. ఇంటావిడ క్షమించమంటే తల అడ్డంగా ఊపి, ఇంకొంచెం పెట్టమని అడగమని. లీల సంచిలోంచి పెన్ను తీసి అన్నీ రాసుకుంది.

“అబ్బో, డీటెయిల్డ్‌గా చెప్పారండీ! మీరెప్పుడు వెళ్లారు క్యూబా?”

“పోలేదండీ.”

జనార్దనరావు పెద్దగా నవ్వి, అజ్మత్ భుజం తట్టి, జోకు బాగుందంటూ మొక్కజొన్న కండెలు కాలుతున్న వైపు నడిచాడు. కొంచెం దూరంలో షమ్సున్నీసా కాగితం పళ్లేలు ఏరి సంచిలో వేస్తోంది. భర్త వంక ఒకసారి చూసి, మళ్లీ వంగింది. అజ్మత్ వెళ్లి రెండో సంచి విప్పి పట్టుకున్నాడు. చివరి బల్ల దాకా ఇద్దరూ మాట్లాడుకోకుండానే ఏరారు.